ఉపవాసంలో మానేసిన మాత్ర

గుండెను చేసి, అది ఎన్నిసార్లు కొట్టుకోవాలో నిర్ణయించిన దేవునికి స్తోత్రం. నా తప్పును సమయానికి బయటపెట్టినందుకు ఆయనకు మరీ స్తోత్రం.

రెండేళ్ల కిందటి వానకాలం. మేడ్చల్ దగ్గర ఒక ఆస్పత్రి క్యాథ్‌ల్యాబ్‌లో అప్పటికి పదకొండేళ్లుగా నర్సును. రక్తనాళంలోంచి సన్నటి గొట్టాలు పంపి గుండెకు వైద్యం చేసే గది అది. ఆ రోజు బల్లమీద ఉన్నది దేవదానం అన్న. లాల్‌గడి మలక్‌పేట్‌లో మాది ఒకే చర్చి సంఘం. తుర్కపల్లి ల్యాబుల స్టాఫ్‌ను క్యాబ్‌లో దింపుతాడు. గుండె లయ తప్పిందని తేలాక, నయమయ్యేదాకా స్టీరింగ్ పట్టొద్దని కంపెనీవాళ్లు చెప్పేశారు.

దీనికి అబ్లేషన్ చేస్తారు. అంటే లయ చెడగొడుతున్న చోటును గొట్టం కొనతో కాల్చడం. మా డాక్టర్‌గారు ముందుగా తొడ దగ్గరి సిరలోంచి అల్ట్రాసౌండ్ గొట్టాన్ని గుండెలోకి పంపి, లోపలంతా తెరమీద చూసుకుంటారు.

గుండె కుడి గదిలోంచి ఎడమ గదిలోకి మధ్య గోడ దాటేముందు ఆయన చెయ్యి ఆగింది. ఆ గది పక్కన చిన్న సంచిలాంటి మూల ఉంటుంది. అందులో తెల్లటి ముద్ద కదులుతోంది. రక్తం గడ్డ. గొట్టం తగిలి ఊడితే మెదడుకు పోతుంది, పక్షవాతం వస్తుంది.

"సిస్టర్, రక్తం పలచబడే మాత్రలు ఆపలేదు కదా?"

ఫారంలో టిక్ ఉంది. పెట్టింది నేనే. తెలిసిన మనిషని అడక్కుండానే పెట్టాను. మత్తు తక్కువే ఇచ్చాం, అన్న మేలుకునే ఉన్నాడు.

"అన్నా, మాత్రలు ఏసుకున్నవా?"

"ఉపాసం పెట్టిచ్చిందే నువ్వు గద చెల్లె. మూడు దినాలు నీళ్లు తప్ప ఏం ముట్టలే."

"మాత్రలు గుడనా?"

"మాత్ర మింగితే గది ఉపాసమెట్లయితది?"

నిజమే. ఆదివారం కూడికలో లేచి, అన్న కోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెడదామన్నది నేనే. మాత్రల మాట ఎత్తలేదు. "అడగకుండా టిక్ పెట్టాను సార్," అన్నాను. డాక్టర్‌గారు ఆ రోజుకు ఆపేసి, గొట్టాలు బయటికి తీసేశారు.

బయట అన్న భార్య, మా వదిన, కూర్చుని ఉంది. "ప్రార్థన నీది, పరేషాన్ మాది," అంది.

తర్వాతి ఆదివారం జరిగింది జరిగినట్టు సంఘం ముందు చెప్పాను. "ఆస్పత్రిల నౌకరికి జేరినంక ఈమె విశ్వాసం సల్లవడ్డది," అని వెనక బెంచీ పెద్దాయన సణిగాడు.

"పెద్దయ్యా, దెబ్బలు తిని తొవ్వల పడ్డోని గాయానికి నూనె పోసి కట్టు కట్టిన సమరయున్నే ప్రభువు మెచ్చుకుండు. అన్నం మానుదాం, మందు మానొద్దు," అన్నాను.

గడ్డ కరగాలని ఆరు వారాలు అన్న మాత్ర తప్పలేదు. రెండు పూటలా వదిన నాకు మాత్ర తీసిన అట్ట ఫొటో పంపేది. ఫొటోలెందుకు, నమ్ముతానంటే, "నువ్వు నమ్మినందుకే గింత దూరమొచ్చింది," అనేది.

రెండోసారి ఆ మూల శుభ్రంగా ఉంది. డాక్టర్‌గారు గోడ దాటి, ఊపిరితిత్తుల సిరల చుట్టూ కాల్చారు. తెరమీద గీతలు సమదూరంలో పడసాగాయి. "ఇగ బండి ఎప్పుడు ఎక్కాలె?" అన్నదే అన్న మొదటి మాట. కొన్నాళ్లకు డాక్టర్‌గారు రాసిచ్చారు, ఎక్కాడు.

ఇప్పుడు రోజా ఉన్నవాళ్లనైనా, ఏకాదశి ఉన్నవాళ్లనైనా, మా వాళ్లనైనా, చివరి మాత్ర ఏ పూట వేసుకున్నారో అడిగాకే టిక్ పెడతాను. మా అమ్మ వచ్చినా అడుగుతాను.

చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, మనుషుల మీద మాకున్న నమ్మకం, వాళ్లను అడగాల్సిన ప్రశ్నను మింగేయకుండా చూడు. ఆమెన్.