కాల్షియం ఎవరికి పట్టింది?

మా ఇంట్లో నెల రోజుల పాటు కాల్షియం కోర్సు నడిచింది. బ్రహ్మాండంగా పనిచేసింది. ఎవరి మీద పనిచేసిందో ముందే చెబితే మీరు టీ కూడా తాగనివ్వరు, అందుకని వరసగా వినండి.

యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, మా ఇల్లు మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, ఐదో అంతస్తు. లిఫ్ట్ లేదు, మెట్లు నిటారు. ఆమధ్య వానకి తడిసిన మెట్ల మీద అమ్మ జారింది. ఏమీ విరగలేదు గానీ, ఎముకలు పలచబడ్డాయి, కాల్షియం బాగా పడాలన్నాడు డాక్టరు. నాకు నిజంగానే భయం వేసింది. అమ్మకి పాలు పడవు, కడుపుబ్బరం. అందుకని కాల్షియం, విటమిన్లు కలిపిన సోయాపాల డబ్బా తెచ్చాను.

అమ్మ వాసన చూసి పక్కన పెట్టేసింది. "నాకెందుకురా ఇది? రోజూ టమాటా చారు తాగుతన్నాను. టమాటాలో ఏటి నేదు?"

ఏం లేదో చెప్పడానికి చార్టు గీశాను. సేక్కాన్ రేవు దగ్గర ఓడసరుకు క్లియరింగ్ ఆఫీసులో నా ఉద్యోగమే లేబుళ్ళు చదవడం. పెట్టె మీద ఏం రాసి ఉందో, కాగితంలో ఏం ఉందో సరిచూస్తాను. ఇరవై ఏళ్ల సర్వీసు. లేబుల్ విషయంలో నాతో ఎవరూ వాదించరు, అమ్మ తప్ప.

చార్టులో ఎడమ పక్క టమాటా, కుడి పక్క సోయాపాలు. ప్రోటీను: సోయా. కాల్షియం: సోయా, టమాటాలో అందులో పదోవంతు కూడా లేదు. విటమిన్ డి, బి ట్వెల్వ్: సోయా. విటమిన్ సి దగ్గర టమాటా గెలిచింది. అది కాస్త చిన్నక్షరాలతో రాశాను.

అంతటితో ఊరుకోవచ్చు కదా! బాల్కనీలో అమ్మ పెంచుతున్న టమాటా కుండీ చూపించాను. కాయలన్నీ అడుగున నల్లబడి కుళ్ళుతున్నాయి. "నీ టమాటాకే ఒంట్లో బాగోలేదు. అది నీకేం బలం ఇస్తుందమ్మా?" అన్నాను.

అమ్మ మొహం మాడిపోయింది. "సరేరా. నెల్రోజులు నువ్వు తాగి సూపించు. బాగుంటే నాను తాగుతాను."

తాగాను. రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసు. డబ్బా ఫ్రిజ్‌లో నిటారుగా, కదపకుండా, ఎంతో మర్యాదగా ఉంచేవాణ్ణి. ప్రతి డబ్బా అడుగునా తెల్లగా, చిక్కగా, తడి సున్నంలాంటిది మిగిలేది. మడ్డి కాబోలనుకుని, పారెయ్యమని అమ్మకి ఇచ్చేవాణ్ణి. అమ్మ ఏదీ పారెయ్యదు. డబ్బా నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు టమాటా కుండీలో పోసేది.

రెండో వారానికే నాకు మోకాళ్ళు తేలికపడ్డాయి. ఆఫీసులో అందరికీ చెప్పాను. ఇద్దరు కొనుక్కున్నారు కూడా.

నెల పూర్తయిన రోజున కింది అంతస్తు డా మ్యాని సాక్షిగా పిలిచాను. రిటైరయిన బర్మా టీచరమ్మ, అమ్మకి మంచి స్నేహితురాలు. బర్మాలో ‘డా’ అంటే పెద్దావిడలకి ‘గారు’ లాంటిది, నన్నేమో మర్యాదగా ‘కో’ అంటుంది, అన్నా అన్నట్టు. ఆవిడ ముందు చార్టు విప్పి, వరసలన్నీ చదివి, డబ్బా వంచి గ్లాసులో పోశాను.

"కో రాజూ, కుదపవా?" అంది ఆవిడ.

"ఏమిటి కుదపడం?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని డబ్బా తిప్పింది. పక్కన ఎర్రగా, నా బొటనవేలంత బర్మా అక్షరాలు. నేను బర్మా మాట్లాడతాను గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి, అందుకని పోషకాల ఇంగ్లీషు పట్టీ ఒక్కటే చదివాను. ఆవిడ నిదానంగా, ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చదివి వినిపించింది. "తాగే ముందు ప్రతిసారీ బాగా కుదపండి. కలిపిన కాల్షియం అడుగుకి చేరుతుంది."



అమ్మ లేచి బాల్కనీలోకి వెళ్ళి గిన్నెతో వచ్చింది. గిన్నె నిండా కొత్తగా కాసిన టమాటాలు. ఎర్రగా, గట్టిగా, ఒక్కదానికీ అడుగున మచ్చ లేదు.

డా మ్యా ఒకటి చేతిలో తిప్పి చూసింది. "కాల్షియం చాలకపోతేనే కాయ అడుగు నల్లబడుతుంది. ఇప్పుడు బాగా అందినట్టుంది," అంది.

నేను చార్టు చుట్టేశాను.

"ఓలమ్మో, మొక్కకే అంత పనిసేస్తే మంచిదే కావాల. ఇటియ్యి!" అంది అమ్మ. డబ్బా లాక్కుని రెండు చేతులా కుదిపి గ్లాసుడు గటగటా తాగేసింది. అప్పట్నుంచి ఒక్క రోజూ మానలేదు. అదే కదా నాకు కావలసింది! చెప్పలేనంత సంతోషంగా ఉంది.

నాకు మాత్రం సోయాపాలు బంద్. పూటకి రెండు టమాటాలు తినిపిస్తోంది. నా నెల రోజుల కాల్షియం వాటిలోనే ఉందట.