సున్నా మీద నిలవని ముల్లు

మైపాడు కామాక్షయ్యకి కుదురు లేదు. అన్నం తింటూ కూడా మధ్యలో లేచి సముద్రం వైపు చూసి వచ్చేవాడు. తెప్పల మీద పుట్టినవాడు విమానమెక్కితే ఇంతేనని పల్లెలో నవ్వుకునేవాళ్లు. అదీ నిజమే. ఎయిర్‌ఫోర్సులో చేరి, డకోటా విమానంలో వైర్‌లెస్ దగ్గర కూర్చునేవాడు. చెవి పొర చిరిగితే ఇంటికి పంపించేశారు. అప్పటికి పంతొమ్మిది వందల అరవై దాటింది.

వస్తూ వస్తూ మద్రాసులో పాత సామాన్ల అంగట్లో విమానపు ఆల్టీమీటరు ఒకటి కొనుక్కొచ్చి ఇంటి నడుమ కప్పు మోసే నిట్రాడికి బిగించాడు. దాన్ని అందరూ ఎత్తు గడియారం అనేవాళ్లు. నిజానికి దానికి ఎత్తు తెలియదు, గాలి బరువే తెలుసు. గాలి పలచబడితే పైకి పోయామనుకుని ముల్లు లేస్తుంది. అందుకే కింద చిన్న కీ ఉంటుంది. ఆ రోజు గాలి బరువెంతో కీ తిప్పి చెప్పాలి, ఆ అంకె పక్కనున్న చిన్న కిటికీలో కనపడుతుంది. కిటికీ చూడకుండా ముల్లును నమ్మినవాడు కొండకు గుద్దుకుంటాడని నేర్పిన సారు చెప్పేవాడట. ఆకాశంలోనూ దారులున్నాయనీ, ఎదురెదురుగా వచ్చే విమానాలు ఒకటి ఐదువేల అడుగుల్లో పోతే ఇంకొకటి ఆరువేలల్లో పోవాలనీ కామాక్షయ్య చెబుతుంటే, బామ్మర్ది పెంచలయ్య వల అల్లుకుంటూ అన్నాడు: "మన తెప్పలకి ఆ బాధ లేదులే బావా. మన ఎత్తు ఎప్పుడూ సున్నానే."

ఇంట్లో ఆ ముల్లు ఊరికే ఉండేది కాదు. పొద్దున కొంచెం దిగేది, మధ్యాహ్నం కొంచెం లేచేది. గాలికీ ఆటుపోట్లు ఉంటాయి మరి. కానీ గాలి బరువు బాగా తగ్గితే తుఫానేనని తెలిసినవాడు గనక, అది సున్నా దాటిందంటే కామాక్షయ్య కాలు ఇంట్లో నిలిచేది కాదు. ఒడ్డంతా తిరిగి కనపడిన వాడినల్లా గాలి సంగతి అడిగేవాడు. పెళ్లాం మస్తానమ్మ చూసి చూసి ఒక ఉపాయం కనిపెట్టింది. దీపం బుడ్డి తుడిచినట్టు, ఆయన వచ్చేలోపు కీ తిప్పి ముల్లును సున్నా మీద పెట్టేసేది. ఆయన చూసేవాడు, కూర్చునేవాడు, తినేవాడు. నెలల తరబడి ఇల్లు హాయిగా గడిచింది.

ఆ కార్తీకంలో చేప బాగా పడుతోంది. తెల్లవారగానే తెప్ప తోయబోతూ పెంచలయ్య ముల్లు ఎక్కడుందని అలవాటుగా అడిగాడు. కామాక్షయ్య తొంగిచూసి, సున్నా మీదే ఉంది, పోయి రమ్మన్నాడు. ఆ మాట విని మిగతా తెప్పలూ కదిలాయి.

మాటైతే అన్నాడు గాని, కాలు నిలవలేదు. నీళ్లు నూనె పోసినట్టున్నాయి. ఆకు కదలడం లేదు. ఒడ్డుకు పోయి మళ్లీ ఇంట్లోకి వస్తే, పొద్దుటి పూట దిగాల్సిన ముల్లు లేచి ఉంది. అప్పుడు ముల్లు పక్కనున్న కిటికీ దగ్గర మొహం పెట్టాడు. ఈ ఊళ్లో అంత తక్కువ అంకె ఆయన ఎన్నడూ చూడలేదు.

"మేయ్, దీన్ని ముట్టుకున్నావా?"

మస్తానమ్మ చేట కింద పెట్టింది. "నిన్న మధ్యాన్నం ఒక తూరి తిప్పినా. దీపాలు పెట్టే యాళకి ఇంకో తూరి. తెల్లారి మళ్లా లేసుంటే మళ్లా తిప్పినా. నువ్వు కుదురుగా నాలుగు మెతుకులు తింటావని."

తిట్టబోయి ఆగాడు. ముల్లును దించినప్పుడల్లా కిటికీలో అంకె తగ్గుతుందని ఆమెకు తెలియదు. తెలిసినవాడు తనే చూడలేదు.

"మా తమ్ముడు?" అంది మస్తానమ్మ.

కేకేస్తే వినపడేంత దగ్గర లేరు. కానీ నీళ్ల మీదున్నవాడు ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి తాటిచెట్టునూ వెనక ఇసుకదిబ్బనూ ఒక వరుసలో పెట్టుకుని ఒడ్డునే చూస్తుంటాడు. పల్లెలో చావు జరిగితే ఆ దిబ్బ మీద తడిగడ్డి పొగ వేయడం వాళ్ల ఆనవాయితీ. పొగ చూస్తే తెప్పలు ఒడ్డుకు తిరగాలి. ఆ రోజు మళ్లీ నీళ్లలో దిగకూడదు. కామాక్షయ్య గడ్డిమోపు ఎత్తుకుని దిబ్బెక్కాడు.

ముసలి పేరమ్మ పరుగున వచ్చింది. "అందరూ బతికుండంగానే సావు పొగ ఏస్తావా రా?"

"నేనే పోయినాననుకో అవ్వా."

తెప్పలు ఒక్కొక్కటే తిరిగాయి. పెంచలయ్య ఏడ్చుకుంటూ ఒడ్డున దూకి, ఎవరూ పోలేదని తెలిసి గుప్పెడు ఇసుక తీసి బావ మొహాన కొట్టాడు. తెప్పల్ని తాటితోపు దాకా లాగండని కామాక్షయ్య బతిమాలాడు. పొగ చూశాక ఎటూ పోరాదు గనక తిట్టుకుంటూనే లాగారు. ఎండ ఫెళ్లున కాస్తోంది. గాలివాన రాకపోతే ఇంక పల్లెలో తలెత్తుకోలేడు. వస్తే ఏమవుతుందో అదీ భయమే. దిబ్బకీ ఇంటికీ తిరుగుతూనే ఉన్నాడు.

పొద్దు వాలకముందే తూర్పున నలుపు లేచింది. దీపాలు పెట్టే వేళకి ఇంటికప్పు సగం ఎగిరిపోయింది. ముగ్గురూ నిట్రాడిని పట్టుకుని కూర్చున్నారు.

"బావా, ఇప్పుడు మన ఎత్తెంత?" అన్నాడు పెంచలయ్య.

"ఆరు నూర్ల అడుగులు."

"అబ్బో, బాగానే లేసినామే."

మస్తానమ్మ చెయ్యి కీ వైపు పోబోయి, మళ్లీ ఒళ్లోకి వచ్చింది.