పల్లిచెక్క కవరు

అరవై తొమ్మిదిలో కాలేజీలు మూతబడ్డప్పుడు పురుషోత్తం వరంగల్‌లో బీఎస్సీ చదువుతున్నాడు. ఆ ఒక్క ఏడాదినీ తెలంగాణ ఉద్యమం తీసుకుంది. ఆ తర్వాతి ఏళ్లను ఆయన స్వయంగా తగలేశాడు. అయినా ఎవరు పలకరించినా, ఆ గొడవే లేకుంటే ఈపాటికి పెద్ద సైంటిస్టునయ్యేవాణ్ణని చెప్పేవాడు. సొంతూరు మానుకోటలో ఆ మాట వినని మనిషి లేడు. కొందరైతే ఆయన ఎదురుపడితే సందు మార్చేవారు.

తండ్రి వెంకట్రాంకు పల్లినూనె మిల్లు ఉంది. నూనె పిండాక మిగిలే చెక్కను ఊరంతా బర్రెలకు పెట్టేది. ఆ చెక్కలోని మాంసకృత్తులతో ప్లాస్టిక్‌లాంటి పలుచని పొర తీసి కవర్లు చేయొచ్చని, వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతుందని పురుషోత్తం ఏదో పత్రికలో చదివాడు. ఇక మనిషి నేల మీద నిలవలేదు.

మిల్లు వెనక గది ఖాళీ చేయించాడు. చెక్కను దంచి సున్నపుతేటలో నానబెట్టి, వడకట్టి, ఆ నీళ్లలో పులుపు పోస్తే పాలు విరిగినట్టు ముద్ద విడిపోతుంది. అందులో గ్లిసరిన్ కలిపి వెచ్చజేసి, తాంబాలాల్లో పరిచి ఆరబెట్టాలి. తాంబాలాలు భార్య విజయలక్ష్మి పుట్టింటివి. మొదటి పొరలు అప్పడాల్లా విరిగాయి, తర్వాతివి తాంబాలాన్ని వదలలేదు. ఇల్లంతా కంపు. చుట్టాలు రావడం మానేశారు. ఆ ప్రయోగం వల్ల కలిగిన లాభం అదొక్కటే. విజయలక్ష్మి విసిగిపోయి కురవి వీరభద్రస్వామికి మొక్కుకుంది. ఏం మొక్కిందో భర్తకు చెప్పలేదు.

ఎట్టకేలకు ఒక పొర చిరగకుండా ఊడి చేతికొచ్చింది. లేత పసుపు రంగులో, ఎండకు పట్టి చూస్తే అవతలి మనిషి కనిపించేంత పలుచగా ఉంది. నిజం చెప్పాలంటే అందంగానే ఉంది. పురుషోత్తం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఒక్క రోజు ఆయన్ని చూస్తే ఎవరికీ నవ్వు రాలేదు.

వెంకట్రాం మాత్రం కరగలేదు. "శివరాత్రి జాతరల నీ కవర్లు నిలబడితే గది నీదే. లేకుంటే కాంటా కాడ కూసో," అన్నాడు. కాంటా దగ్గర కూర్చుని బస్తాలు తూయించడమంటే పురుషోత్తానికి చావుతో సమానం.

వెంకట్రాంది కురవి గుడి కమిటీలో పెద్ద చెయ్యి కాబట్టి ఆ ఏడు కుంకుమంతా పల్లిచెక్క కవర్లలోనే పొట్లాలు కట్టారు. పురుషోత్తం మైకు పట్టుకుని, పారేస్తే మట్టిలో కలిసిపోతుందని నోరు అరిగిపోయేదాకా చెప్పాడు. కవరును ముందే లాగి చూశాడు, మడిచి చూశాడు, ఎండలో పెట్టి చూశాడు. తడిపి మాత్రం చూడలేదు. పురుషోత్తం ఇంటివాళ్లు దర్శనానికి వస్తే వరస ఆగుతుంది. వాళ్లు పొడి పట్టుబట్టలతో వెళ్లి వస్తారు. మిగతా జనం స్నానం చేసి, తడిబట్టలతో ప్రదక్షిణం తిరిగి, నీళ్లు కారే చేతులతో కుంకుమ అందుకుంటారని ఆయనకు తట్టనే లేదు.

పొట్లం చేతిలో పడగానే మెత్తబడింది, జిగురైంది, ఎర్రటి ముద్దయింది. రవికెలకు, కొంగులకు, పిల్లల తలలకు అంటుకుంది. మిల్లులో చెక్క ఎత్తే భూదేవి అరచెయ్యి వాసన చూసుకుని, "గిదేంది చిన్న పటేలా, దేవుని కుంకుమ పల్లిపిండి వాసనొస్తున్నది," అంది. వెంకట్రాం కొడుకు వైపు చూశాడు.

"మట్టి దాకా ఎందుకురా, చేతులనే కలిసిపాయె."

మర్నాటి నుంచి పురుషోత్తం కాంటా దగ్గరే. మిగిలిన కవర్లను బర్రెలు ఇష్టంగా తిన్నాయి. వచ్చిన రైతులతో మాత్రం, కవరులో ఏ లోపమూ లేదని, జనానికే పొడిగా ఉండటం చేతకాదని చెప్పేవాడు.

పై ఏటి శివరాత్రికి విజయలక్ష్మి మొక్కు సంగతి బయటపెట్టింది. ఆ పిచ్చి వదిలితే భర్తతో తడిబట్టల ప్రదక్షిణం చేయిస్తానని మొక్కిందట. దేవుడితో పేచీ కుదరదు కదా. పళ్లు టకటక కొట్టుకుంటుండగా, తడి పంచె కాళ్లకు చుట్టుకుంటుండగా, జనం మధ్య నలుగుతూ తిరిగాడు. చివర ఎవరో ఆయన అరచేతిలో ప్లాస్టిక్ పొట్లం పెట్టారు. చేతి నుంచి నీళ్లు కారుతున్నా లోపల కుంకుమ పొడిగానే ఉంది. ఎక్కడ తప్పాడో అప్పుడు తెలిసింది పురుషోత్తానికి. సిగ్గుతో అక్కడే నిలబడిపోయాడు.

వెనక వరసలో ఉన్న భూదేవి, "జర ముందుకు నడువుండ్రి పటేలా," అంది. "ఎనక అందరం తడిసే ఉన్నం."