గొట్టాలకు కప్పిన దుప్పట్లు

డ్యూటీకి రాగానే అతను కుడిచేతి వెనకవైపు గొట్టానికి ఆనిస్తాడు. అరచేయి కాయలు కాసిపోయింది, దానికి వేడి తెలియదు. గొట్టానికి చుట్టిన దుప్పటి చల్లగా తగిలితే లోపలి వేడి వృథా కాకుండా వార్డులకు చేరుతోందని లెక్క. ఆసుపత్రిలో అందరికీ అతను బాయిలర్ బాబాయ్. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో బొగ్గు వేస్తున్నాడు.

పోయినేడు ఎవరూ చెప్పకుండానే, వార్డుల్లో పారేసే దుప్పట్లు అడిగి తెచ్చి, గొట్టాలన్నిటికీ చుట్టి తాళ్లతో కట్టాడు. పదకొండు రోజులు పట్టింది. బొగ్గు వాడకం మూడో వంతు తగ్గింది.

"ఇంట్లో నా దుప్పటి చిరిగితే కనబడదు. గొట్టాలకు చలేస్తుందని మాత్రం కప్పి వస్తారు," అంది భార్య.

ఈ నెలాఖరున ప్రాంతీయ కార్యాలయం నుంచి ఇంజనీరు ఫారం పట్టుకుని వచ్చాడు. పొగతో గాలిలో కలిసే కర్బనం తగ్గిస్తానని దేశం మాటిచ్చింది. ఆ మాటను ప్రాంతాలకు పంచారు. ప్రాంతం తన వాటాను ఆసుపత్రులకు పంచింది.

"రేపటి నుంచి నెల రోజులు ఎంత బొగ్గు కాలుస్తావో అదే ప్రమాణం బాబాయ్. ఆపైన అందులో ఐదో వంతు తగ్గాలి."

"నేను పోయినేడే తగ్గించాను కదా సార్!"

"ఫారంలో పోయినేటికి గడి లేదు."

"లేకపోతే గీయండి. స్కేలు నేనిస్తా."

"గడులు గీసేది రాజధానిలో."

"ఇంకెక్కడ తగ్గించను? కాన్పుల వార్డుకు వేడినీళ్లు ఆపనా?"

"తగ్గకపోతే పైవాళ్లు ఆపేది అవే. పక్క ఊరి ఆసుపత్రి చూడు. ఆ నెల రోజులూ కిటికీలు బార్లా తీసి బొగ్గు మండిస్తారు. ఆపైన కిటికీలు మూస్తారు. మెప్పంతా వాళ్లదే."

"అంటే, తగ్గించడానికి ముందు తగలెయ్యాలా?"

"నేనా మాట అన్నానా?" అంటూ ఇంజనీరు తలెత్తి దుప్పట్లకేసి చూశాడు. సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం భోజనం దగ్గర అతను తల బాదుకున్నాడు. "పదకొండు రోజులే! నిచ్చెన మీద నిలబడి నిలబడి మోకాళ్లు పోయాయి."

భార్య అంతా విని అంది: "చలికి వణకాల్సింది మీ గొట్టాలా, బాలింతలా?"



తెల్లవారి నిచ్చెన వేసుకున్నాడు. తాళ్లు కోయలేదు, ఒక్కో ముడీ విప్పాడు. ప్రతి దుప్పటినీ దులిపి, మడిచి, సుద్దముక్కతో అంకె వేశాడు. అదే అంకె గొట్టం మీదా వేశాడు. నెల తిరిగాక ఏది ఎక్కడ కట్టాలో తడుముకోకూడదు. ముప్పై ఏడు దుప్పట్లు. కిందికి దిగి, అలవాటు చొప్పున చెయ్యి ఆనించి, చురుక్కుమంటే లాక్కున్నాడు. ఆ చెయ్యి చొక్కాకు రుద్దుకుని పార అందుకున్నాడు.