ఆళ్లగడ్డ మైదానంలో తప్పిన నా లెక్క

ఈ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు నంద్యాలలో అమ్మాయిల ఫుట్‌బాల్ ఫైనలు. ఆడేది నంద్యాల, ఆళ్లగడ్డ జట్లు. నంద్యాల తరఫున గోలు దగ్గర నిలబడేది మా అన్న కూతురు. నేను పుట్టింది నంద్యాలలో, ముప్పై ఏళ్లుగా కాపురముంటున్నది ఆళ్లగడ్డలో. మూడు రోజుల కిందట కుట్టు మిషను ముందు కూర్చుని రవికెకు చేతులు అతుకుతుంటే ఆ పిల్ల ఫోను చేసింది.

"అత్తా, ఏం చేస్తాండావ్? ఆదివారం ఎవరు గెలుస్తారో లెక్కేసి చెప్పు. ముందర నువ్వు బాగా లెక్కేసేదానివంట కదా, అమ్మ చెప్పింది."

చెప్తాలే అన్నాను. అంతటితో పెట్టేయకుండా గొంతు తగ్గించింది.

"నాయన రానంటాండాడు అత్తా. నా చేతులు మంచివి కావు, నేనొస్తే నీకు కలిసిరాదు, నువ్వాడుకో పో అంటాడు. ఇంతవరకూ ఒక్క మ్యాచ్‌కూ రాలేదు. ఫైనల్‌కన్నా రమ్మని నువ్వు చెప్పు."

ఫోను పెట్టేశాక మళ్లీ మిషను తొక్కబుద్ధి కాలేదు. మా అన్న చేతుల సంగతి నాకు తెలిసినంత ఆయనకే తెలియదు. తెలిసి కూడా ఇన్నేళ్లు నోరు మెదపకుండా ఉన్నాను. ఆ కథ ఇప్పుడైనా చెప్పుకోవాలి.

నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నంద్యాల చర్చి కాంపౌండు పక్క మైదానంలో సాయంత్రమైతే ఫుట్‌బాలే ఆడేవాళ్లు. నల్లరేగడి నేల కాబట్టి ఎండాకాలంలో బీటలు వారి బంతి ఎటు ఎగురుతుందో తెలిసేది కాదు, వానాకాలంలో చెప్పులకు మట్టి అంటుకుని మనిషి రెండంగుళాలు ఎత్తు పెరిగేవాడు. మా అన్నకు అప్పుడు ఇరవై ఆరేళ్లు, జట్టుకు గోల్ కీపరు. నాకు ఇరవై ఒకటి. పదో తరగతి లెక్కల పరీక్షలో తప్పి, ఇంటి వరండాలో మిషను పెట్టుకుని కుట్టుపని చేస్తున్నాను. లెక్కలు నాకు బడిలో రాలేదు, కత్తెర పట్టుకున్నాక వచ్చాయి. ఎంత గుడ్డలో ఎన్ని చొక్కాలు దిగుతాయో, ఎంత ముక్క వృథా పోతుందో, ఎవరి భుజం ఎన్ని అంగుళాలో చూపుతోనే చెప్పగలిగేదాన్ని.

ఆ ఏడాది జట్టుకు చొక్కాలు నేనే కుట్టాను. తెల్లగుడ్డలో ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు కత్తిరించి వీపున అతికించాను. అమ్మతో పాటు బెంచీ మీద కూర్చుని ఆట చూసేటప్పుడు నా కంటికి మనుషులు కాదు, నేను కుట్టిన అంకెలే కనబడేవి. ఏడు ఎన్నిసార్లు కొట్టాడు, తొమ్మిది ఎన్నిసార్లు తప్పాడు అని పాత నోటుపుస్తకంలో గీతలు పెట్టడం మొదలుపెట్టాను. గోలు అయినవి ఒక వరస, కీపరు పట్టినవి ఒక వరస, తప్పిపోయినవి ఒక వరస. అవతలి జట్లకు కూడా అలాగే రాసేదాన్ని. నెల తిరిగేసరికి ఏ మ్యాచ్ ఎవరిదో ముందే చెప్పడం, అది చాలావరకు అలాగే జరగడం చూసి, మొదట నవ్విన మా అన్నే ప్రతి ఆట ముందూ వచ్చి అడగసాగాడు. ఆడపిల్ల మాట జట్టంతా వినడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. నాకు కొంచెం గర్వం కూడా వచ్చిందని ఒప్పుకోవాలి.

ఫైనలు ఆళ్లగడ్డలో పడింది. అక్కడి మైదానాన్ని చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పుల పనిచోట్లు చాలా ఉంటాయి. ఏదో మండపానికని చెక్కుతుండగా పగులు వచ్చి పనికిరాకుండా పోయిన నాలుగు రాతి స్తంభాలను తెచ్చి, మైదానంలో అటు రెండు ఇటు రెండు పాతి, పైన తాడు కట్టి, వాటినే గోలు స్తంభాలుగా వాడేవాళ్లు. స్తంభాల మొదట్లో సగం చెక్కిన తామర రేకులు కూడా ఉండేవి. మా నంద్యాలలో ఉన్నవి సరుగుడు కొయ్యలు. గుండ్రటి కొయ్యకు తగిలిన బంతి పక్కకు జారి బయటికి పోతుంది. అందుకే నా పుస్తకంలో స్తంభానికి తగిలిన ప్రతి బంతీ తప్పిపోయిన వరసలోకే వెళ్లేది. అలా రాయడం తప్పని నాకు తోచలేదు.

ఆళ్లగడ్డ వాళ్ల ఆట అంతకుముందు అదే మైదానంలో రెండుసార్లు చూశాను. వాళ్లలో ఎడమకాలి ఆటగాడు ఒకడు పదిసార్లు కొడితే ఆరుసార్లు రాతికే కొట్టాడు. ఫైనలు రోజు పొద్దున బస్సు దిగగానే మా అన్నతో చెప్పాను, వాడికి గురి లేదు, వాణ్ణి వదిలేసి అవతలివైపు నిలబడు, మనం రెండు గోల్స్ తేడాతో గెలుస్తాం అని. మా అన్న నేను చెప్పినట్టే నిలబడ్డాడు. ఎడమకాలివాడు రాతికి కొట్టాడు. నలుచదరపు రాయి కదా, బంతి గోడకు తగిలినట్టు సూటిగా మైదానం మధ్యకు తిరిగొచ్చింది. అక్కడ కాచుకుని ఉన్న ఇంకొకడు లోపలికి తన్నాడు. మా అన్న అవతలివైపు నుంచి దూకినా అందలేదు. రెండో సగంలో మళ్లీ అదే. ఒకటికి రెండు గోల్స్‌తో ఓడిపోయాం.

బయటికి వస్తుంటే ఎవరో అరిచారు, "ఏమప్పా కీపరూ, చేతులకు నూనె పూసుకొని వచ్చినావా?" అని. మా అన్న తల తిప్పలేదు. తిరుగు బస్సులో మాత్రం అరచేతులు రెండూ తొడల మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. నీ లెక్క సరిగానే ఉంది, నా చేతులే అందుకోలేదు అన్నాడు. ఆ తర్వాత నన్నెప్పుడూ లెక్క అడగలేదు. రెండేళ్లకు ఆట కూడా మానేశాడు.

మరుసటి ఏడాదే నన్ను ఆళ్లగడ్డకు ఇచ్చారు. మా ఆయన బడిపంతులు. ఒకనాడు మాటల మధ్య ఆ ఫైనలు సంగతి వస్తే ఆయన పడిపడి నవ్వాడు. "గురి లేక కొట్టింది అనుకున్యావా? గురి చూసి కొట్టిందే అది. మా ఊరి పిలకాయలకు ఆ రాయికి కొట్టి మళ్లీ తన్నేది చిన్నప్పట్నుంచీ అలవాటు." అప్పుడు నా పుస్తకం తీసి చూసుకున్నాను. ఆ ఆరు గీతలు తప్పిపోయిన వరసలో ఉన్నాయి, రాతికి తగిలి తిరిగొచ్చిన బంతితో పడ్డ గోల్స్ మాత్రం తన్నిన రెండోవాడి లెక్కలో ఉన్నాయి. మా అన్నను తప్పుచోట నిలబెట్టింది నేను. ఆ మాట అన్నతో చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను, పండగకు వెళ్లినప్పుడు, వదినకు జ్వరమొచ్చి వెళ్లినప్పుడు, ఈ పిల్ల పుట్టినప్పుడు. నోరు రాలేదు. లెక్కల మనిషినని పేరు పడ్డాక లెక్క తప్పిందని చెప్పడం అంత సులువు కాదు.

మొన్న, పిల్ల ఫోను చేసిన మరునాడు, పొద్దున పది గంటలకు అన్నకు ఫోను చేశాను. విత్తనాల గోదాములో పనిలో ఉన్నాడు. ఆగితే మళ్లీ చెప్పలేనని మొత్తం ఒక్క ఊపులో చెప్పేశాను. సరుగుడు కొయ్య, రాతి స్తంభం, ఆరు గీతలు, అన్నీ. బస్తాలు పడుతున్న చప్పుడులోంచి అన్న ఫోను పట్టుకునే గోదాము బయటికి వచ్చాడు.

"అంటే నీకు పెండ్లైనప్పట్నుంచీ తెల్సా?"

"తెలుసు."

"మరి ఇన్నాళ్లూ ఏం చేస్తాండావ్ మే? కుట్టుకుంటా కూచున్యావా?"

"సిగ్గైంది అన్నా."

"నీ సిగ్గు పాడుగాను. రెండేండ్లు గోడకు బంతి కొట్టి పట్టుకునేది నేర్చుకున్యా నేను, ఎవరికీ చెప్పకుండా. ఈ చేతులకు ఏదో రోగమనుకున్యా." ముక్కు చీదుకుని, "సరే, ఆదివారం లెక్క ఏంది?" అన్నాడు.

నా లెక్క ఇదీ. వదిన పంపిన వీడియోలన్నీ చూశాను, ఆళ్లగడ్డ ఆటలు మైదానంలోనే చూశాను. మా ఇంటి దగ్గర ఆ పిల్లలు సాధన చేసేటప్పుడు కంటబడింది ఏదీ ఇందులో కలపలేదు. ఆళ్లగడ్డ అన్నం తింటూ నంద్యాలకు లెక్కలు చెప్తాండావా అని మా ఆయన ఇప్పటికే ఎగతాళి చేస్తున్నాడు. ఆళ్లగడ్డ నాలుగు ఆటల్లో పదకొండు గోల్స్ వేసింది, అందులో ఏడు మొదటి సగంలోనివే. మార్చడానికి ఇద్దరే పిల్లలు ఉన్నందువల్ల తర్వాత అలసిపోతారు. నంద్యాల వేసినవి తొమ్మిదే, అందులో ఆరు చివరి ఇరవై నిమిషాల్లోవి. కాబట్టి విరామానికి ఆళ్లగడ్డ ఒక గోలు ముందుంటుంది, ఎవరూ కంగారు పడొద్దు, చివరికి నంద్యాల రెండు, ఆళ్లగడ్డ ఒకటి. ఒక్క భయం ఉంది. మా పిల్ల బంతిని బాగానే ఆపుతుంది గానీ, చేత్తో తోసిన ఏడుసార్లలో ఐదుసార్లు మధ్యలోకే తోసింది. పక్కకు తోయడం ఈ రెండు రోజుల్లో నేర్పించాలి. పదిలో ఆరు పాళ్లు మనదే అన్నాను. మిగతా నాలుగు పాళ్ల సంగతి నాకు తెలియదని కూడా చెప్పాను. ఇరవై ఒకటో ఏట ఆ మాట చెప్పడం నాకు చేతనయ్యేది కాదు.

"పక్కకు తోసేది నేను నేర్పిస్తాలే," అన్నాడు అన్న. "ఆదివారం మూడు గంటలకే రా. లేటైతే నీడలో చోటు దొరకదు."

అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా. ఈ కాలపు జట్ల చొక్కాలు ఎవరూ కుట్టడం లేదు, అంకెలు అచ్చు వేసి దుకాణంలో అమ్ముతున్నారు. ఆట అయిపోయిన గంటకు ఎవరు ఎన్నిసార్లు కొట్టారో ఫోనులోనే వస్తుంది, నా నోటుపుస్తకంతో ఎవరికీ పని లేదు. అప్పట్లో నేను మైదానం గీత దాటి లోపలికి అడుగుపెట్టిన గుర్తు లేదు. చొక్కాలు ఇవ్వడానికి కూడా గీత అవతలే నిలబడేదాన్ని. ఇప్పుడు మా ఇంటి పిల్ల ఒకటో నంబరు వేసుకుని ఆ గీత లోపల నిలబడి, అందరి మీదా కేకలేస్తోంది. నేను పోగొట్టుకున్నవాటిని లెక్కేస్తే చాలానే ఉంటాయి, కానీ ఈ ఒక్కదాని ముందు అవి పెద్దగా కనబడవు. ఆదివారం చర్చి ఆరాధన కాగానే బస్సెక్కుతాను. మా అన్న మైదానానికి వస్తున్నాడు, ఆయన పక్కన కూర్చుని ఆట చూస్తాను, ఈసారి చేతిలో పెన్ను లేకుండా.