గాలంతో రొయ్యలు

ఖోర్ ఫక్కాన్ అనే అరబ్బు రేవు ఊళ్ళో మా గదిలో ఉండే భీమవరం బాబాయ్ శుక్రవారం వస్తే చాలు, చొక్కా జేబులోని చేపల లైసెన్సు తట్టి చూసుకుని రొయ్యలు పట్టడానికి బయల్దేరేవాడు. ఆ లైసెన్సు ఉన్నవాళ్ళు గాలమే వేయాలి, వల వేయకూడదు.

"రొయ్య గాలానికి పడదు బాబాయ్, ఆ సంగతి నీకే బాగా తెలుసు" అనేవాణ్ణి.

"తెలుసురా. వల వేస్తే వీసా ఊడుద్ది" అని మళ్ళీ జేబు తట్టేవాడు.

మేము మసాలా నూరుకుని ఎదురుచూసి, చివరికి గుడ్ల కూర వండుకునేవాళ్ళం.

ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. మూరెడు చేప పడింది. నాకు నోరూరింది. ఆయన దాన్ని మెల్లగా గాలం నుంచి విడిపించి సముద్రంలోకి వదిలేశాడు.

"అదేంటి బాబాయ్?"

"మనమొచ్చింది రొయ్యలకి కదరా" అన్నాడు, జేబు తట్టి. "ఖలాస్, పద. దారిలో గుడ్లు తీసుకో."