ఎడంచేతి కత్తి

పోయిన వారం గుడివాడలో మా అమ్మాయి ఇంటి ముందు పాత ఇనుప సామాన్ల బండి ఆగింది. వంటింట్లో పనికిరానివన్నీ ఒక సంచిలో వేసి అమ్మాయి ఇచ్చింది, నేను వరండాలో చిక్కుళ్ళు ఒలుస్తూ చూస్తున్నాను. బండాయన సంచిని కాటా మీద బోర్లించేసరికి విరిగిన గరిటె, తుప్పుపట్టిన తాళం కప్పల మధ్య నుంచి జానెడు కూడా లేని నల్లటి కత్తి ఒకటి జారిపడింది. లేచి వెళ్ళి దాన్ని తీసుకుని కొంగుతో తుడిచాను.

"అదెందుకమ్మా, దాంతో తిన్నగా కోయడం ఎవరివల్లా కాదు. ఉల్లిపాయ పెడితే వంకరగా పోతుంది" అంది మా అమ్మాయి.

తను చెప్పింది నిజమే. ఆ కత్తి కుడిచేతిలో తిన్నగా నడవదు. నడవకుండా చేసింది నేనే.

ఎడంచేతి వాటంతో పుట్టిన మా తరం ఆడవాళ్ళకి నేను విడమర్చి చెప్పనక్కరలేదు. అన్నం తినేటప్పుడు మా అమ్మ నా ఎడంచేతిని తన మోకాలి కింద పెట్టుకుని కూర్చునేది. బళ్ళో వేసిన మొదటి వారమే ఆ చేత్తో బలపం పట్టానని అరచేతి మీద దెబ్బ తిని ఇంటికి వచ్చేశాను, మళ్ళీ వెళ్ళమని ఎవరూ అనలేదు, కాయడానికి ఇంట్లో మేకలున్నాయి కదా. అలా అక్షరాలు నాకు నలభై ఏళ్ళు దూరమైపోయాయి.

పెళ్ళయి బందరు వచ్చాక గిలకలదిండి హార్బరు దగ్గర ఎండుచేపల షెడ్డులో పనికి కుదిరాను. మావారు బోటు మీద వెళ్తే వారం పది రోజులకి గాని ఒడ్డుకి వచ్చేవారు కాదు. నాది గంపలు మోసే పని. ఐసు గంప నెత్తిన పెట్టుకుని, ఆ నీళ్ళు మెడ మీదుగా కారుతుంటే జారుడు మెట్లు ఎక్కి దిగిన ఆ రోజుల్లోనే నా మొదటి కాన్పు ఆరో నెలలో పోయింది. గంప వల్లనేనని ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు. రెండోసారి నెల తప్పి మూడు నెలలు నిండాక, కూర్చుని చేసే పని ఇమ్మని, అంటే చేపలు చీల్చి ఉప్పు పెట్టే వరసలో చోటిమ్మని మా జట్టుకి పెద్దగా ఉండే ఆవిడని అడిగాను. అందరం ఆవిడని పెద్దక్క అనేవాళ్ళం.

చోటైతే ఇచ్చింది గాని, షెడ్డు కత్తి నా మాట వినలేదు. చేపలు చీల్చే కత్తికి ఒకవైపు చదునుగా ఉంచి రెండోవైపు మాత్రమే వాలుగా పదును పెడతారు, ఆ చదునువైపు వెన్నుముల్లుకి ఆనుకుని జారిపోతే కండంతా పలకలాగా విడివడుతుంది. ఆ ఏర్పాటంతా కుడిచేతికే. నా చేతిలో అది ముల్లులోకి దూరి వంజరాన్ని ముక్కలు ముక్కలు చేసేది, కుడిచేత్తో ప్రయత్నిస్తే నా బొటనవేలు తెగింది. అవి షెడ్డు కత్తులు, వాటి పదును మార్చడానికి వీల్లేదు. రెండు రోజులు చూసి పెద్దక్క నా పక్కన చతికిలబడింది.

"ఇంకో నాలుగు రోజులు చూస్తానే. ఈలోగా చెయ్యన్నా మార్చుకో, గంపన్నా ఎత్తుకో."

నా చేతికి వాటమైన కత్తి చేయించుకుందామని కొలిమికి వెళ్తే కోతల కొడవళ్ళ పనిలో ఉన్నానని, పది రోజులు ఆగమని కమ్మరాయన అన్నాడు. ఇక మిగిలింది మా మావగారు. ఆయన చెక్క పడవలు కట్టిన వడ్రంగి. చూపు మందగించి పని మానేసినా పనిముట్ల పెట్టె మంచం కిందే ఉండేది, ఆడవాళ్ళు దాన్ని దాటకూడదు, తాకకూడదు. భయపడుతూనే అంతా చెప్పాను. నా చేతివంకా, నా కడుపువంకా చూసి పెట్టె తెరిచి, ఇనుము అరగదీసే ఆకురాయి, పళ్ళు అరిగిపోయినది ఒకటి తీసి నా ముందు నేల మీద పెట్టారు. ఇనుప పనిముట్టు చేతిలో నుంచి చేతిలోకి ఇచ్చుకుంటే మనుషుల మధ్య తగువులొస్తాయని ఆయన నమ్మకం, కింద పెడితే అవతలివాళ్ళే తీసుకోవాలి.

ఆయన చెప్పడం, నేను చేయడం. ఆకురాయి ఇనుము గట్టిది, దాని మీద ఇంకో ఆకురాయి పనిచెయ్యాలంటే ముందు అది మెత్తబడాలి. అందుకని మా ఊకపొయ్యిలో నిప్పుల మధ్య పూడ్చి, మీద ఊక పోసి మర్నాటిదాకా వదిలేశాం. మా కోడలు ఇనుముతో కూర వండుతోందని మా అత్తగారు వీధంతా చెప్పుకొచ్చారు. మర్నాడు షెడ్డు నుంచి రాగానే గడప కొయ్యకి దాన్ని బిగించి ఇంకో ఆకురాయితో అరగదీశాను. ఆయన వేళ్ళతో తడిమి ఇక్కడ ఇంకా, అక్కడ చాలు అని చెబుతుంటే కత్తి ఆకారం వచ్చింది, వాలు మాత్రం ఊళ్ళో ఏ కత్తికీ లేని వైపున.

మూడో రోజు దాన్ని ఎర్రగా కాల్చి గట్టిపరచాలి. మావగారు టీకొట్టుకి వెళ్ళారు, నాకు ఆగబుద్ధి కాలేదు. కమ్మరి నీళ్ళలో ముంచడం ఎన్నిసార్లు చూడలేదని, పట్టుకారుతో తీసి బోరునీళ్ళ బకెట్లో ముంచాను. గాజు గ్లాసు పగిలినట్టు చిన్న చప్పుడైంది. రెండు వేళ్ళ మేర కొన విరిగి అడుక్కి పోయింది.

ఆయన వచ్చి విరిగిన ముక్కని తడిమి, బకెట్లో వేలు ముంచి నాలుక్కి రాసుకుని ఉమ్మేశారు.

"ఉప్పునీళ్ళలో ముంచావా?"

"మంచినీళ్ళు తాగడానికే లేవు కదా మావయ్యా."

ఆ మాటకి ఆయనకి నవ్వొచ్చింది. బందరులో ఇల్లు నడిపే ఏ ఆడదైనా అదే చేసేది, రెండు రోజులకోసారి కుళాయి దగ్గర పోట్లాడి తెచ్చుకున్న నీళ్ళలో ఇనుము ముంచుతుందా? పలచటి ఇనుముకి ఉప్పునీళ్ళు మరీ కరుకని, అది తట్టుకోలేదని అప్పుడు చెప్పారు. మిగిలింది చాలు, నీ చెయ్యి చిన్నదేగా అన్నారు.

మళ్ళీ ఊకలో పెట్టి, పొట్టిదైన దాన్ని మళ్ళీ అరగదీసి, ఈసారి ఎర్రగా కాల్చి పడవలకి పూసే చేపనూనె డబ్బాలో ముంచాం. ఆ కంపుకి ఏ పడవ తగలబడుతోందని ఇరుగుపొరుగు వచ్చారు. తోమి తెల్లగా చేసి, పెళుసు తగ్గడానికి నిప్పుల మీద కాసేపు చూపిస్తే ఎండుగడ్డి రంగు వచ్చింది, ఆ రంగుని మాత్రం ఆయన కళ్ళు కాదు, నా కళ్ళే పట్టుకోవాలి. రాగానే తీసేశాను. పాత పడవ తుమ్మచెక్కతో పిడి వేసి వలతాడు చుట్టాను.

నాలుగు రోజులూ నిండిన మర్నాడు పెద్దక్క ఒక వంజరాన్ని నా ముందు పడేసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. తల దగ్గర పెట్టిన కత్తి ముల్లు వెంటే తోకదాకా వెళ్ళింది. ఆవిడ ఆ పలకని ఎత్తి వెలుతురుకి పట్టి చూసి, ఈ పుర్రచేతిదాన్ని ఎడమ చివర కూర్చోబెట్టండి, మోచేతులు తగలకుండా ఉంటాయి అంది. తొమ్మిదో నెల వచ్చేదాకా ఆ చివర నాదే. నా కత్తిని ఎవరూ ఎరువడగలేదు, ఎవరికీ పనికిరాదు కదా.

ఆ ఏడు పుట్టిన పిల్లే మా అమ్మాయి. కాలేజీ చదువుతూ నాకు అక్షరాలు దిద్దించిందీ తనే. పెన్సిలు ఏ చేత్తో పట్టుకోవాలని నేను అడిగితే, నీకు ఏది వాటమైతే దాంతోనే పట్టుకోమ్మా అంది. అంత తేలిగ్గా అనేసింది.

ఇప్పుడు మనవరాలి బళ్ళో ఏ చేత్తో రాసినా ఎవరూ ఏమీ అనరట, ఎడంచేతి వాళ్ళకి వేరే కత్తెరలు కూడా దొరుకుతాయట. మంచిదే. వంటింట్లో కత్తులు కొట్టు అట్టపెట్టెలో నుంచి వస్తున్నాయి, మొండివైతే బండివాడికి పోతున్నాయి. ఊకపొయ్యిలు పోయాయి, మావగారు పోయారు, నా ఎడంచేతి వేళ్ళు కూడా ఈమధ్య తిమ్మిరెక్కుతున్నాయి. మొదటి కాన్పు సంగతి, ఐసు గంప సంగతి అమ్మాయికి నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు బండి దగ్గర కూడా చెప్పలేకపోయాను.

నేను రాసినదాంట్లో తప్పులు దిద్దేది తనే కాబట్టి ఇది మొదట చదివేదీ తనే. కత్తిని చేతికి ఇవ్వకూడదు. ఈ కాగితాల పక్కన పెట్టి వెళ్తున్నాను.